అరవై దాటినవారు ఇక్కడితో ఆపగలరు

ఆవిడను అందరూ సంఘమ్మ అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాన్ని వాడేవాళ్ళు ఇప్పుడు బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ తప్ప లేరు. ఇరవై రెండేళ్ళుగా ఆఫీసు ఫోను మోగగానే ఎత్తి "సంఘమండీ" అంటుంది. ఏ సంఘమో చెప్పదు. అవతలివాళ్ళకు తెలిస్తే పని చెబుతారు, తెలియకపోతే నసుగుతారు. ఆ నసుగుడును బట్టే మనిషి ఏ రకమో ఆవిడ పట్టేస్తుంది. అలా ఆ ఒక్క మాటే ఆవిడకు పేరై కూర్చుంది.

సంఘం పూర్తి పేరు మానవ లైంగికత పరిశోధకుల సంఘం. కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటూ, మనుషుల కోరికల గురించీ కాపురాల గురించీ శాస్త్రప్రకారం లెక్కలు తీసే రెండు వందల ముప్పై మంది దానికి సభ్యులు. మూడు నెలలకో పత్రిక, ఏడాదికో మహాసభ, ఐదేళ్ళకో పెద్ద సర్వే. ఇంత వ్యవహారానికీ కలిపి ఒక గది, ఆ గదికి సంఘమ్మ. కింద కళ్ళజోళ్ళ దుకాణం, పక్కన మెట్లు, మెట్లెక్కగానే ఎడమచేతి తలుపు. లోపల రెండు బీరువాలు, ఒక బల్ల, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే ఒక ఫ్యాను.

ముప్పై ఆరేళ్ళ వయసులో చేరింది. "సంఘమునకు గుమస్తా కావలెను, టైపు వచ్చి ఉండవలెను" అని పేపర్లో పడితే, ఏ సంఘమైతే ఏమిటిలే అని వెళ్ళింది. మొదటి రోజు మొదటి ఉత్తరంలో సంఘం పేరు టైపు చేసి, తలుపు వేసి ఉందో లేదో తలతిప్పి చూసుకుంది. నెల తిరిగేసరికి ఆ మాట ఆవిడకు బంగాళాదుంప అన్నంత మామూలైపోయింది. ఏ మాటైనా అంతే, రోజుకు ముప్పైసార్లు టైపు చేస్తే దానికుండే సిగ్గంతా వేళ్ళలోంచి కారిపోతుంది.

ఆకతాయిలు ఫోన్ చేసి ఇకఇకలాడితే ఆవిడ విసుక్కునేది కాదు. "సభ్యత్వం కావాలా బాబూ? మీ డిగ్రీ చెప్పండి. పరిశోధన అంశం చెప్పండి. ఇద్దరు పాత సభ్యుల సిఫార్సు ఉందా?" అనేది. రెండో ప్రశ్నకే ఫోన్ పెట్టేసేవాళ్ళు. ఇదేదో ఆసుపత్రి అనుకుని, కష్టం చెప్పుకోవడానికి మెట్లెక్కి వచ్చేవాళ్ళూ ఉండేవారు. వాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఇక్కడ వైద్యం చెయ్యరండీ, లెక్కలు వేస్తారు" అని చెప్పి, మంచి డాక్టరు చిరునామా రాసిచ్చేది. ఒకసారి మహాసభకు హాలు ఇవ్వడానికి మేనేజరు బిగుసుకుపోయాడు. సంఘమ్మ వాదించలేదు, కార్యక్రమ పత్రం ఆయన ముందు పెట్టింది. మొదటి రోజు ఉదయం: నమూనా ఎంపికలో దోషాలు. మధ్యాహ్నం: ప్రశ్నావళుల అనువాదంలో ఇబ్బందులు. రెండో రోజు అంతకంటే ఎండిపోయిన సరుకు. ఆయన చివరిదాకా చదివి, పాపం, ముఖం వేలాడేసుకుని తాళాలు ఇచ్చాడు.

పత్రికకు వచ్చే వ్యాసాల మీద పేర్లు కనబడకుండా తెల్లకాగితం ముక్కలు అంటించి పరీక్షకు పంపడం కూడా ఆవిడ పనే. పదకొండేళ్ళుగా మాటల్లేని ఇద్దరు ప్రొఫెసర్లు, ఆ కాగితం ముక్కల పుణ్యమా అని, ఒకరి వ్యాసాన్ని ఒకరు ఆకాశానికెత్తుతూ రాసుకున్న ఉత్తరాలు ఆవిడ బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఆ సంగతి ప్రాణం పోయినా చెప్పదు. అప్పుడప్పుడూ ఆ ఫైలు తీసి, చదువుకుని, నవ్వుకుని, మళ్ళీ లోపల పెట్టేస్తుంది.

ఇంత గడుసు మనిషీ ఇంటికి వెళ్ళేసరికి పిల్లి అయ్యేది. ఇంట్లో భర్త, అత్తగారు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఆయనకు అన్నీ తెలుసు. అత్తగారికి మాత్రం "పరిశోధకుల సంఘం" అని మొదటిరోజు పేరులో సగం కొరికేసి చెప్పింది, ఆ సగమే ఇరవై రెండేళ్ళు నడిచింది. మహాసభలో ఇచ్చిన గుడ్డసంచి చాలా గట్టిది, పారేయబుద్ధి కాలేదు. దాని మీద సంఘం పేరు బెత్తెడు అక్షరాల్లో ఉంది కాబట్టి, తిరగేసి, లోపలి వైపు బయటికి పెట్టి, అందులో కూరగాయలు తెచ్చేది.

అత్తగారికి డెబ్బై ఆరు. కుట్టుపని. భర్త పోయి పందొమ్మిదేళ్ళయినా, మోకాళ్ళు మొరాయించినా, మిషను మాత్రం ఆపలేదు. ముందుగది కిటికీ దగ్గర ఆవిడ మిషను, దాని పక్కన వచ్చేవాళ్ళు కూర్చోవడానికి ఒక స్టూలు. నోరు కత్తెర కంటే పదును.

ఈ కథకు కారణమైన పని ఒకటుంది. సంఘంలో కొత్త సర్వే ఫారం తయారైనప్పుడల్లా, అది అచ్చుకు పోయేముందు సంఘమ్మ దాన్ని గట్టిగా చదవాలి. చదువుతుంటే నాలుక ఎక్కడ తడబడుతుందో, రేపు జవాబు చెప్పే మనిషీ అక్కడే తడబడతాడని వాళ్ళ అనుభవం. ఎదురుగా ఎవరైనా మామూలు మనిషి వింటే ఇంకా మంచిది. వినే మనిషి ఏమన్నా, అన్నది అన్నట్టుగా రాసి కమిటీ ముందు చదవాలని నియమం. ఇన్నేళ్ళూ వినడానికి కళ్ళజోళ్ళ దుకాణం సేల్సు అమ్మాయి పైకి వచ్చేది. ఈసారి ఆఫీసు గదికి రంగులు వేస్తున్నారు. సంఘమ్మ ఫారం ఇంటికి తెచ్చి, అత్తగారు మిషను ముందు కూర్చున్న సమయం చూసి, వంటింటి తలుపు వేసుకుని, స్టౌ ఎదురుగా నిలబడి చదవడం మొదలుపెట్టింది.

ఆరు ప్రశ్నలు గడిచాయి. ఏడోది చదువుతుండగా మిషను చప్పుడు ఆగింది.

"ఆ ఏడోది మళ్ళీ చదువు," అంది అత్తగారు గోడ అవతల నుంచి.

దాచడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి, సంఘమ్మ తలుపు తీసి, మిషను పక్కన నిలబడి మళ్ళీ చదివింది. "మీ దాంపత్య సంతృప్తి స్థాయిని ఒకటి నుంచి పది వరకు సూచించండి."

"స్థాయి ఏమిటే? అదేమన్నా నీళ్ళ ట్యాంకా? బాగుందా, బాగాలేదా, ఒకప్పుడు బాగుండేదా అని అడగమను. అదైతే ఎవరైనా చెబుతారు."

"అత్తయ్యా, ఇది మా ఆఫీసు..."

"మీ ఆఫీసు సంగతి నాకు తెలీదనుకున్నావా? సంచి తిరగేసి మోస్తావు సరే, దాని చేతులు తెగితే కుట్టింది ఎవరు?"

సంఘమ్మ స్టూలు మీద కూలబడింది. "ఎప్పుడు కుట్టారు?"

"పదిహేడేళ్ళవుతోంది. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు." అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నలభై ఏళ్ళ నుంచి ఆడవాళ్ళకు కొలతలు తీస్తున్నాను. టేపు నడుం చుట్టూ పడితే చాలు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మొగుడి సంగతులు, మొగుడు కానివాడి సంగతులు, అన్నీ ఈ స్టూలు మీదే. మీ సంఘం ఈమధ్య పుట్టింది, నా సంఘం పాతది. ఊఁ, చదువు."

ఆ మధ్యాహ్నం ఎంత హాయిగా గడిచిందో చెప్పాలంటే మాటలు చాలవు. ఇరవై రెండేళ్ళ బరువు గుండె మీంచి దిగిపోయింది. సంఘమ్మ చదవడం, అత్తగారు వంక పెట్టడం, ఇద్దరూ నవ్వడం. నలభై మూడు ప్రశ్నల్లో పద్నాలుగు మారాయి. అన్నీ అయ్యాక అత్తగారు ఫారం చేతికి తీసుకుని మొదటి పేజీ తిప్పింది. ఆ పేజీని సంఘమ్మ ఎప్పుడూ గట్టిగా చదివేది కాదు. వయసు, చదువు, ఉద్యోగం, అందులో తడబడటానికి ఏముంది అనుకునేది.

"వయసు పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిది," అని అత్తగారు కూడబలుక్కుని చదివింది. "అరవై దాటినవారు ఇక్కడితో ఆపి, ఫారం తిరిగి ఇచ్చేయగలరు. ధన్యవాదములు."

"అంటే, అరవయ్యో పుట్టినరోజు నాడు మీవాళ్ళు ఇంటింటికీ వచ్చి స్విచ్చి ఆపేసి పోతారా?" అంది. "పైగా ధన్యవాదములు కూడానూ."

నవ్వుతూనే అంది గానీ, ఫారం బల్ల మీద పెట్టిన తీరులో నవ్వు లేదు. సంఘమ్మకు ఆ వాక్యం సూదిలా దిగింది. నాలుగు సర్వేలకూ ఆ పేజీని టైపు చేసింది తన చేతులే. మొట్టమొదటి సర్వే చేసిన రోజుల్లో సంఘం పెద్దలందరూ ముప్పైల్లోనో నలభైల్లోనో ఉన్నారు, అరవై అంటే వాళ్ళకు పరలోకమంత దూరం. ఆ తర్వాత ప్రతి ఫారమూ పాత ఫారం చూసి తీసిన నకలే. మనిషి మనసులో ఏముందో తవ్వితీసేవాళ్ళు తమ ఇళ్ళలో పెద్దవాళ్ళున్న సంగతే మరిచిపోయారు. తనకిప్పుడు యాభై ఎనిమిది. మళ్ళీ సర్వే నాటికి తనూ ధన్యవాదములు పుచ్చుకుని తప్పుకోవాలి.

సోమవారం కమిటీ కూర్చుంది. శుక్రవారం ఫారం ముద్రణకు పోవాలి. కమిటీలో సంఘమ్మకు మాట్లాడే హక్కు లేదు, రాసుకోవడమే పని. కానీ విన్న మనిషి మాటలు పొల్లుపోకుండా చదివే బాధ్యత ఉంది కదా, దాన్నే పట్టుకుంది. లేచి నిలబడి, "విన్నవారు: స్త్రీ, డెబ్బై ఆరు, కుట్టుపని," అని మొదలుపెట్టి, నీళ్ళ ట్యాంకు నుంచి స్విచ్చి దాకా అక్షరం పోకుండా చదివేసింది. కమిటీ మొదట పగలబడి నవ్వింది, తర్వాత సద్దుమణిగింది. అధ్యక్షురాలు మొదటి పేజీ తీసి, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఆవిడ మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరు, చల్లని మనిషి.

అడ్డుపడింది లెక్కల మాస్టారు. సర్వే అంకెలన్నీ ఆయన చేతిమీదుగా నడుస్తాయి. "పాత నాలుగు సర్వేలూ యాభై తొమ్మిది దగ్గరే ఆగాయి. ఇప్పుడు మారిస్తే దేనితో పోల్చాలి? అదీగాక, ఆ వయసువాళ్ళు ఇలాంటివాటికి జవాబు చెప్పరమ్మా. సగంలో లేచిపోతారు. సగం నిండిన ఫారాలు నేనేం చేసుకోను?"

సంఘమ్మ కలం కింద పెట్టింది. "మాస్టారూ, మీ వయసెంతండీ?"

"అరవై ఒకటి."

"అయితే మొదటి పేజీ ప్రకారం మీరు ఆ ఫారం నాకిచ్చేసి వెళ్ళాలండీ."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. అధ్యక్షురాలు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన మంచివాడు కాబట్టి కోపం తెచ్చుకోలేదు, బుర్ర గోక్కున్నాడు. "సరే, ఒక పని చేద్దాం. గురువారం లోపల ఆ పెద్దావిడనే అడిగి చూడండి. ఒక్క ప్రశ్న కూడా వదలకుండా నలభై మూడింటికీ జవాబు వస్తే, ఆ వాక్యం నా చేత్తో నేనే కొట్టేస్తాను. రాకపోతే మళ్ళీ ఐదేళ్ళ తర్వాత చూసుకుందాం."

"ఇష్టం లేని ప్రశ్న వదిలేసే హక్కు ఆవిడకుంటుంది, అది గుర్తుంచుకోండి," అంది అధ్యక్షురాలు. "నేనే వెళ్తాను. ఒక్కటే మాట సంఘమ్మా, ఈ పందెం సంగతి ఆవిడకు తెలియకూడదు. తెలిస్తే మనకోసం చెప్పిన జవాబులవుతాయి."

ఐదేళ్ళ తర్వాత అత్తగారికి ఎనభై ఒకటి. ఆ లెక్క సంఘమ్మ బస్సులోనే వేసుకుంది. ఇంటికి వెళ్ళి విషయం చెప్పింది, పందెం మాట తప్ప. "మా మేడమ్ వచ్చి ఆ ప్రశ్నలు మిమ్మల్ని అడుగుతారట అత్తయ్యా. మీకిష్టమైతేనే."

"మధ్యలో మానేయొచ్చా?"

"ఆ... మానేయొచ్చు," అంది సంఘమ్మ.

"అయితే రమ్మను."

రెండు రోజులు సంఘమ్మ నోరు కుట్టేసుకుని తిరిగింది. బుధవారం మధ్యాహ్నం అధ్యక్షురాలు చేతిసంచితో వచ్చింది. అత్తగారు ఉతికిన బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, మిషను మీద గుడ్డ కప్పి సిద్ధంగా ఉంది. సంఘమ్మ టీ ఇచ్చి, అలవాటుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఇద్దరూ ఆవిడ వైపు చూశారు.

"ముందు మా కోడల్ని బయటికి పంపమ్మా," అంది అత్తగారు. "అది ఇక్కడుంటే నేను అత్తగారిలాగే మాట్లాడాల్సొస్తుంది."

"మీరు చెప్పకపోయినా పంపేదాన్నే. మా నియమం అదే," అంది అధ్యక్షురాలు.

ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషి, ఆ నియమాన్ని స్వయంగా టైపు చేసిన మనిషి, సొంత ఇంట్లోంచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. వెనక తలుపు గడియ కూడా పడింది. ప్రశ్నకు నిమిషం చొప్పున వేసుకున్నా ముప్పావుగంట. పది నిమిషాలకు తొమ్మిదో ప్రశ్నలో ఉండి ఉంటారు. పదిహేను నిమిషాలకు లోపల చప్పుడు లేదు. ఇరవై నిమిషాలకు తలుపు భళ్ళున తెరుచుకుని అత్తగారు బయటికి వచ్చింది. సంఘమ్మ ప్రాణం ఉసూరుమంది.

"ఏమైంది అత్తయ్యా, అయిపోయిందా?"

"ఎక్కడ అవుతుంది? మేడమ్ పెన్నులో సిరా అయిపోయింది. నీ దగ్గరుంటే ఇవ్వు."

సంఘమ్మ బొడ్లో, జడలో ఉన్నవన్నీ తీసి మూడు పెన్నులు ఇచ్చింది. తలుపు మళ్ళీ పడింది. ఇంకో పావుగంటకు భర్త పని నుంచి వచ్చాడు.

"ఇక్కడ కూర్చున్నావేం?"

"మీ అమ్మగారు జవాబులు చెబుతున్నారు."

"వేటికి?"

"అన్నిటికీ."

ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, తలుపుకు ఇంకా దూరంగా, మరో నాలుగు మెట్లు కిందికి దిగి కూర్చున్నాడు. లోపల నుంచి ఇద్దరు ఆడవాళ్ళు విరగబడి నవ్వడం వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు ఒక్క గొంతే, చిన్నగా, తెరిపి లేకుండా. మాటలు వినబడలేదు. సంఘమ్మ వినడానికి ప్రయత్నించలేదని అంటే అబద్ధమవుతుంది. ప్రయత్నించింది, తర్వాత సిగ్గుపడి, ఆవిడా రెండు మెట్లు దిగింది.

గంటా యాభై నిమిషాలకు అధ్యక్షురాలు బయటికి వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి. "నలభై మూడూ అయ్యాయి," అంది. "పదిహేడో ప్రశ్నకు జవాబు రాయడానికి మనం రెండే గీతలు ఇచ్చాం. మూడు కాగితాలు జతచేశాను." అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకూడదు కూడా. అంటించిన కవరు సంఘమ్మ చేతిలో పెట్టింది. బీరువాలో పెట్టాల్సింది ఆవిడే మరి. ఆ కవరు ఎంత బరువుందో సంఘమ్మ రెండుసార్లు తూచి చూసుకుంది.

లోపల అత్తగారు చల్లారిన టీ తాగుతోంది. ముఖం పెళ్ళికి వెళ్ళొచ్చిన మనిషి ముఖంలా ఉంది.

"అలసిపోయారా అత్తయ్యా?"

"లేదే." కప్పు కింద పెట్టింది. "మీ మావయ్య పోయినప్పటి నుంచి నన్ను ఎవరు ఏమడిగినా మాత్రలు వేసుకున్నావా, మోకాళ్ళెలా ఉన్నాయి, కళ్ళజోడెక్కడ, ఇవే. నేనెలా ఉన్నాను, నాకేం కావాలి అని ఇవాళే అడిగారు. ఒక మనిషి అడిగి, రాసుకుంటూ కూర్చుంటే ఎంత బాగుందో."

సంఘమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు ఊరందరి మనసులూ తన బీరువాలోంచే వెళ్ళాయి, ఈ ఒక్క మనిషిని అడగాలని తనకూ తోచలేదు. "ఇకమీదట నేనూ అడగనా?" అంది.

"నువ్వు వద్దు. ఇంట్లో మనిషివి," అంది అత్తగారు ఠక్కున.

గురువారం ఉదయం లెక్కల మాస్టారు కవరు తెరిచి చూడలేదు. మీద రాసిన "43/43" చూసి, ఎర్ర పెన్ను తీసి, ఆ వాక్యాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి కొట్టేశాడు. ధన్యవాదములు కూడా పోయింది. పోతూ పోతూ ఒక ఖాళీ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంఘమ్మ చూడనట్టు తల వంచుకుని మినిట్స్ రాసింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి పందెం సంగతంతా అత్తగారికి చెప్పింది. మీవల్ల అరవై దాటిన వాళ్ళందరికీ ఫారం దక్కిందని చెప్పింది. అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది.

"మళ్ళీ ఎప్పుడు ఈ సర్వే?"

"ఐదేళ్ళకు."

"అప్పటికి నీకూ అరవై దాటుతాయి. అయితే ఈసారి నువ్వు లోపల కూర్చో, నేను మెట్ల మీద కూర్చుంటాను." దారం ఎక్కింది. "అందుకోసమైనా ఉంటాలే."

సంఘమ్మ స్టూలు దగ్గరకు జరుపుకుని, కుట్టు విప్పాల్సిన గుడ్డ అందుకుంది.